బస్తరు శిలలు – పఠనకాల గణనము

విశాఖపట్టణము నుండి అరకు కొండలమీదుగా కిరండూలునకు పోవు రైలు దంతెవాడ స్టేషనులో ఆగును. అచ్చట శంఖిని, డంకిని అను రెండేఱులు కలియుచోట దంతేశ్వరీదేవి ఆలయము కలదు. బైలడిల్లా ఇనుపగనులలో కొలువు చేయు తెలుగు కుటుంబములకు ఈ గుడి క్రొత్త కాదు. పండుగకో పెండ్లికో పోయి మ్రొక్కుబడి చెల్లించి వచ్చుచుందురు. అయినను ఆ ఆలయమున క్రీ. శ. 1703 నాటి రెండు శిలాశాసనములు కలవనియు, వానిలో నొకటి తన్ను ఏల వ్రాయవలసివచ్చెనో తానే చెప్పుకొనుచున్నదనియు ఎఱిగినవారు తక్కువ.

విక్రమ సంవత్సరము 1760లో బస్తరు రాజు దిక్పాలదేవుడు వ్రాయించిన శాసనములివి. మొదటి శిల సంస్కృతము. రెండవది ఆనాటి దేశభాష. ఈ రెండవ శిల దేవికి జయము పలికిన వెంటనే అసలు మాటకు వచ్చును. మహారాజు ప్రశస్తిని దేవభాషలో ఒక రాతిపై వ్రాయించితిమి, కాని కలియుగమున సంస్కృతము చదువగలవారు కొద్దిమంది, ఆ కారణమున రెండవ రాతిపై భాషలో వ్రాసితిమి అని దాని భావము. ప్రశస్తులు వ్రాసినవారు సాధారణముగా రాజు కీర్తి ఆచంద్రార్కము నిలుచునని చెప్పి తృప్తి చెందుదురు. ఆ కీర్తిని ఎవరు చదువుదురు, ఎందఱు చదువుదురు అని లెక్క వేసి, ఆ లెక్కను రాతిమీదనే నమోదు చేసినవారు అరుదు. ఛత్తీస్‌గఢీ వ్రాతకు లభించిన తొలి నిదర్శనములలో ఒకటిగా ఈ శిలను పండితులు పేర్కొందురు.

రెండు శిలల రచనయు ఒక్కని పనియే. మైథిలుడైన భగవాన్ మిశ్రుడు, రాజగురువు. మిథిల నుండి వచ్చి దండకారణ్యమున రాజునకు గురువైన ఈ పండితుడు తన సంస్కృత రచన చూచుకొని మురిసి ఊరకుండవచ్చును. కాని తన చదువరులను ఒకసారి మనస్సులో నిలుపుకొని చూచెను. వారు చాలరని తోచెను. పండితులకు ఇట్టి వినయము సులభముగా అలవడునది కాదు.

శాసనము చెప్పు కథ తెలుగువారికి ప్రత్యేకముగా వినదగినది. ఓరుగల్లు నేలిన ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమరాజు ఆ నగరమును విడిచి బస్తరునకు వచ్చి రాజ్యము స్థాపించెననియు, ఆయన వంశమున దిక్పాలదేవుడు పుట్టెననియు వంశావళి వ్రాయబడినది. ఓరుగల్లు ఢిల్లీ సేనలకు లోబడినది 1323లో. అన్నమరాజు నిజముగా ప్రతాపరుద్రుని తోబుట్టువా, ఎప్పుడు వచ్చెను అను విషయములందు చరిత్రకారులకు ఏకాభిప్రాయము లేదు. బస్తరు జనులకు మాత్రము ఆ సంశయము లేదు. దేవి ఆయన వెంట నడచెననియు, వెనుదిరిగి చూడవలదని ఆన పెట్టెననియు, నదీసంగమమున ఇసుకలో అందెల చప్పుడు వినరాక రాజు వెనుదిరుగగా దేవి అచ్చటనే నిలిచిపోయెననియు వారు చెప్పుకొందురు. ఆ వంశము 1948 జనవరిలో సంస్థానము భారతదేశమున విలీనమగువఱకు బస్తరును ఏలినది.

దిక్పాలదేవుడు నవరంగపురపు కోటను పట్టుకొనిన తరువాత సకుటుంబముగా దంతెవాడకు యాత్ర వచ్చెను. వేలకొలది దున్నలను, మేకలను బలి యిచ్చిరనియు, అయిదు దినములు శంఖిని నీరు కుసుమపుష్పపు రంగున పాఱెననియు శాసనము చెప్పుచున్నది. అతిశయోక్తిని ఎంత తీసివేసినను ఆ యాత్ర చూచినవారు మఱచునది కాదు. చూచినవారికి శాసనముతో పని లేదు. చూడనివారికి, పుట్టబోవువారికి అది కావలెను. అందుచేతనే చదువుట అను ప్రశ్న పుట్టినది.

ఈ శిలలను చదువుటకు ఎంతసేపు పట్టును? ఈనాడు విద్యుత్తెరలపై వెలువడు పత్రికలలో వ్యాసము నెత్తిన ‘అయిదు నిమిషముల పఠనము’ అని వ్రాయుట పరిపాటియైనది. అదియేదో నవీన నాగరికత తెచ్చిన తొందరపాటని పెద్దలు కొందఱు విసుగుకొందురు. నిజమునకు ఈ దేశమున చదువునకును కాలమునకును గల చుట్టరికము చాల పాతది. ఇతర దేశములవారు గడియారముతో చదువును కొలిచిరి. మనవారు చదువుతోనే గడియారమును కొలిచిరి.

క్రీ. శ. 499 నాటి ఆర్యభటీయమున కాలక్రియాపాదము కలదు. అందు విఘడియకు చెప్పిన లక్షణమేమన, అరువది గుర్వక్షరములను పలుకుటకు పట్టు కాలము, లేదా ఆరు ప్రాణముల కాలము. ప్రాణమనగా ఆరోగ్యవంతుని ఒక ఉచ్ఛ్వాసనిశ్వాసము. అరువది విఘడియలు ఘడియ, అరువది ఘడియలు అహోరాత్రము. నేటి లెక్కలో ఘడియ 24 నిమిషములు, విఘడియ 24 సెకనులు. కనుక గుర్వక్షరమునకు సెకనులో పదింట నాలుగు వంతులు. లఘువు అందులో సగము. తెలుగు పిల్లలు ఛందస్సు నేర్చునప్పుడు గురువునకు రెండు మాత్రలు, లఘువునకు ఒక మాత్ర అని వల్లించునది ఈ కాలమానమే.

తరువాతి శతాబ్దమున వరాహమిహిరుడు పంచసిద్ధాంతికయందు ఇంకొక మెట్టు ముందుకు పోయెను. అడుగున సన్నని రంధ్రము గల రాగి గిన్నెను నీటిపై విడిచిన అది నిండి మునుగుటకు ఒక ఘడియ పట్టవలెను. ఆ గిన్నె లేనిచోట ఏమి చేయవలెను? అరువది గురువులు గల శ్లోకమును అరువదిమార్లు చదువవలెను. అంతలో ఘడియ ముగియును. అరువదిమార్లు తడబడక, వేగము మార్పక చదువుట ఎంత కష్టమో ప్రయత్నించినవారికి తెలియును. ఇరువదవ మారునకు నాలుక పరుగెత్తును, నలుబదవ మారునకు ఈడ్వబడును. అయినను నోరే గడియారమగుటకు తగినంత క్రమముగా చదువు విద్య ఆనాడు ఉండెననుటకు ఇది సాక్ష్యము.

కాలమునకు కొలత దొరకినది. గ్రంథమునకు కొలత కావలెను. పుటలు లెక్కించిన ప్రయోజనము లేదు. ఒక తాటాకు పొడవు, మరొకటి పొట్టి. ఒకని దస్తూరి గొలుసుకట్టు, మరొకనిది గుండ్రని ముత్యములు. అందుచేత వ్రాయసకాండ్రు అక్షరములనే లెక్కించిరి. అనుష్టుప్ శ్లోకమున 32 అక్షరములుండును గనుక ముప్పది రెండు అక్షరములను ఒక ‘గ్రంథము’ అనిరి. వచనమునకు కూడ అదియే కొలత. నాగార్జునుని పేరుతో ముడివడిన మహాయాన వాఙ్మయమున అష్టసాహస్రిక ప్రజ్ఞాపారమిత అను గ్రంథము వచనమే. అయినను దాని పేరునకు ఎనిమిది వేల శ్లోకములంత పొడవు గలదని అర్థము. జైన ప్రతుల చివర ‘గ్రంథాగ్రము’ అని ఒక సంఖ్య కానవచ్చును. వ్రాయసకానికి కూలి కట్టుటకు ఆ సంఖ్య పనికివచ్చెడిది. పుటకింతయని కట్టినచో అక్షరములను దూరదూరముగ వ్రాసి పుటలు పెంచు ప్రమాదము కలదు. ఈ సంగతి ప్రయాణభత్యపు బిల్లులు తనిఖీ చేయు కచేరీ ఉద్యోగులకు వివరింపవలసిన పని లేదు.

ఈ రెండు కొలతలను కలిపి చూచిన పఠనకాలము తేలును. శ్లోకమున సగము గురువులు, సగము లఘువు లనుకొన్నచో, 16 గురువులు, 16 లఘువులు, మొత్తము 24 గురువుల కాలము. అనగా 9.6 సెకనులు. పది శ్లోకములకు 96 సెకనులు, సరిగా నాలుగు విఘడియలు. నూటయేబది శ్లోకములకు ఒక ఘడియ. ఘడియకు నూటయేబది గ్రంథములు అను ఈ లెక్క జ్ఞాపకముంచుకొన దగినంత సులభము. గురువులు హెచ్చైన కొంత ఆలస్యమగును, లఘువులు హెచ్చైన కొంత త్వరపడును.

ఇప్పుడు పారాయణముల సంగతి చూడవచ్చును. భాగవతమునకు సంప్రదాయము చెప్పు గ్రంథసంఖ్య 18,000. దానిని ఏడు దినములలో చదువవలెనని నియమము. నూటయేబదితో భాగించిన 120 ఘడియలు. ఏడు దినములకు పంచిన దినమునకు 17 ఘడియలకు కొంచెమెక్కువ. రామాయణము 24,000. అది 160 ఘడియలు. నవాహమునకు పంచిన దినమునకు 18 ఘడియలకు కొంచెము తక్కువ. ఒకటి ఏడు దినములు, ఒకటి తొమ్మిది దినములు. కాని దినమునకు పడు శ్రమ రెండింటను ఇంచుమించు ఏడేసి గంటలే. పగలు 30 ఘడియలనుకొన్నచో స్నానసంధ్యలకు, భోజనమునకు, నడుమ అర్థము చెప్పుకొనుటకు 12 ఘడియలు మిగులును. సప్తాహము, నవాహము అను సంఖ్యలకు పవిత్రత కలదు, సందేహము లేదు. కాని ఒక మనిషి గొంతు ఒక పగటిలో ఎంత భరింపగలదో ఎఱిగినవారే వానిని స్థిరపఱచిరని ఈ లెక్క చూచినవారికి తోచును. నేడు దొరకు భాగవత ప్రతులలో శ్లోకములు పదునాలుగు వేలకు అటునిటుగా ఉండును గనుక చదువరికి మఱికొంత విశ్రాంతి.

దేవీ నవరాత్రములలో చదువు సప్తశతి ఏడువందల మంత్రములు. వానిలో కొన్ని అర్ధశ్లోకములు, కొన్ని ‘ఉవాచ’ అను మాత్రపు పలుకులు. అన్నియు నిండు శ్లోకములే యనుకొన్నను నాలుగున్నర ఘడియలకు మించి కొంచెము, అనగా రెండు గంటలకు లోపే. దంతేశ్వరి సన్నిధిని దానిని ఒక ఉదయమున ముగించుట సుకరమే.

ఈ కొలత బిగ్గరగా చదువుటకు మాత్రమే తగినది. ఆ కాలమున చదువుట యనగా బిగ్గరగా చదువుటయే. రాతిమీద, తాటాకుమీద పదముల నడుమ ఎడము విడుచుట లేదు. అక్షరముల వరుస ఏఱువలె సాగిపోవును. ఎచట పదము తెగునో కన్ను చెప్పజాలదు; నోరు పలుకగా చెవి చెప్పును. పడమటి దేశములందును ఇట్లే ఉండెను. నాలుగవ శతాబ్దమున మిలాను నగరపు మతాచార్యుడు ఆంబ్రోసు పెదవి కదలింపక చదువుట చూచి అగస్టీను విశేషముగా వ్రాసికొనెను. ఐర్లండు వ్రాయసకాండ్రు ఏడవ, ఎనిమిదవ శతాబ్దములలో పదముల నడుమ ఎడములు పెట్టుట ఆరంభించిన పిమ్మట మౌనపఠనము క్రమముగా వ్యాపించెను. తెలుగున ఆ సౌకర్యము స్థిరపడినది అచ్చుయంత్రముతోనే.

బస్తరున తెలుగు శాసనములు కూడ కలవు. అవి దంతెవాడ జంటశిలలకంటె ఎన్నియో శతాబ్దములు పాతవి. సామాన్యముగా ఇంద్రావతీ నదికి దక్షిణమున తెలుగు లిపి, ఉత్తరమున నాగరి లిపి కానవచ్చును. పదునొకండవ శతాబ్దము నుండి ఛిందక నాగవంశపు రాజులు ఈ సీమ నేలిరి. నదికి సమీపమున ఉన్న బారసూరులో శక 983, అనగా 1060–61 నాటి తెలుగు శాసనమొకటి దొరకినది. నాగరాజైన జగదేకభూషణ ధారావర్షుని సామంతుడు చంద్రాదిత్యుడు, కరికాల చోళుని వంశమువాడనని చెప్పుకొనిన తెలుగు చోడుడు, అచ్చట శివాలయమును కట్టించి చెరువు త్రవ్వించెను. రాజమహేంద్రవరమున నన్నయ భారతమును ఆంధ్రీకరించిన శతాబ్దమునందే, దండకారణ్యపు నడిబొడ్డున తెలుగు చదువువారుందురను నమ్మకముతో ఈ రాయి చెక్కబడినది. ఎవరును చదువనిచోట ఎవరు మాత్రము వ్యయపడి రాయి చెక్కింతురు? ఇదే సీమలో ఇంద్రావతి తీరపు నారాయణపాలమున, ధారావర్షుని దేవియగు గుండమహాదేవి శక 1033లో, అనగా 1111లో, వేయించిన శాసనము నాగరి లిపిలో సంస్కృతమున ఉన్నది. దూరము కొలది మైళ్లే. చదువరులు మాఱిరి.

ఈ శిలలను తిరిగి చదివి లోకమునకు అందించినవారిలో ముఖ్యుడు రాయబహదూరు హీరాలాల్ (1867–1934). ఆయన ప్రభుత్వోద్యోగి. మధ్యపరగణాలలో జనాభా లెక్కలు, గెజెటీర్లు, కులముల వివరములు మొదలగు పనులతో తల మునుకలై యుండియే శాసనములను వెదకెను. బస్తరు శాసనములపై ఆయన వ్యాసము ఎపిగ్రాఫియా ఇండికా తొమ్మిదవ సంపుటమున, 1907–08లో, వెలువడెను. ఉద్యోగబాధ్యతలచే సాహిత్యమునకు తీరిక చిక్కదని వగచు కొలువుకాండ్రకు ఆయన జీవితము కొంచెము ఇబ్బంది కలిగించును.

చంద్రాదిత్యుని నాడు తెలుగు తెలిసినవాడు ఆ శాసనమును బిగ్గరగా చదివి ముగించుటకు కొలది విఘడియలు చాలియుండును. హీరాలాలు కాలమునకు అదే రాయి దినములతరబడి పని. మొదట అక్షరములపై నాచు, సున్నము తొలగించి అచ్చు తీయవలెను. అరిగిన అక్షరమును ఊహింపవలెను. పదములను విడదీయవలెను. తేదీని పంచాంగ గణితముతో సరిచూడవలెను. ఆ పిమ్మటను పని ముగియకపోవచ్చును. బారసూరులో గంగమహాదేవి రెండు శివాలయములు కట్టించిన తెలుగు శాసనము కలదు. దాని తేదీని కొందఱు 1208గా గ్రహించిరి. ఆమె భర్త సోమేశ్వరుని కాలమునకు అది పొసగదని, శాసనములో అంకె తప్పియుండునని మరికొందఱు ఒక నూఱేండ్లు వెనుకకు త్రోయుదురు. ఒక్క అంకెను చదువుట ఇన్ని దశాబ్దములైనను తెమలలేదు.

అక్షరములు ఎన్ని యనునది ఒక్కటే పఠనకాలమును తేల్చదని ఇందువలన స్పష్టమగుచున్నది. భగవాన్ మిశ్రుడు గ్రహించినదియు నిదియే. సంస్కృతము వచ్చినవానికి మొదటి శిల కొలది విఘడియల పని. రానివానికి జీవితకాలము చాలదు. విచిత్రమేమన, కాలక్రమమున ఆయన లెక్క కొంత తాఱుమాఱైనది. మూడు శతాబ్దములు గడచిన తరువాత ఆ ‘భాష’ మాఱిపోయినది. నేటి హిందీ పాఠకుడు రెండవ శిలయందు మాటమాటకు ఆగును. సంస్కృతము మాఱలేదు కనుక, వ్యాకరణము చదివిన విద్యార్థికి మొదటి శిలయే త్వరగా నడచునేమో.

నవీన శాస్త్రజ్ఞులు మౌనపఠనమును కొలిచిన విధము వేఱు. పారిసున జావాల్ అను నేత్రవైద్యుడు 1879 ప్రాంతమున, చదువునపుడు కన్ను పంక్తివెంబడి జాఱిపోదనియు, గంతులు వేయుచు నడుమనడుమ ఆగుననియు తెలిపెను. 2019లో బెల్జియము దేశపు మనశ్శాస్త్రజ్ఞుడు మార్క్ బ్రిస్బర్ట్ అంతకుముందటి 190 పరిశోధనలను కూర్చి, ఆంగ్లమున కథలు కాని రచనను మౌనముగా చదువువారు నిమిషమునకు సగటున 238 మాటలు, బిగ్గరగా చదువువారు 183 మాటలు చదువుదురని లెక్కించెను. విద్యుత్పత్రికలవారు నెత్తిన వ్రాయు నిమిషములు ఇట్టి సంఖ్యలనుండి పుట్టినవే.

ఆ సంఖ్యను తెచ్చి తెలుగునకు అతికించుట తగదు. ‘చెప్పవలసియుండెను’ అనునది తెలుగున ఒక్క మాట. ఆంగ్లమున అది నాలుగైదు మాటలగును. సంధి చేసిన మాటలు తగ్గును, విడదీసిన పెరుగును. చదువు కాలము మాత్రము మాఱదు. తెలుగును అక్షరములతో కొలుచుటయే న్యాయము. ఘడియకు నూటయేబది గ్రంథములు అనగా నిమిషమునకు 200 అక్షరములు. ఇది పారాయణపు నడక. ఆకాశవాణి ఢిల్లీ కేంద్రము నుండి తెలుగు వార్తలు వెలువడిన కాలమున వార్తలు చదువువారి నడక ఇంతకంటె చాల వేగము. అయినను వారి యెదుట గోడపై ముల్లు తిరుగుచుండెడిది. చివరి వార్త చివరి క్షణమునకు ముగియవలెను. వరాహమిహిరుని గిన్నె నుండి ఆ ముల్లు వఱకు మాఱినది పరికరమే.

మఱల దంతెవాడకు వచ్చిన, తెలుగు చదువరికి ఒక ప్రశ్న ముల్లువలె తగులును. ఓరుగంటి కాకతీయుల వంశమువాడనని గర్వముగా చెప్పుకొనిన రాజు, 1703లో, ఆ గొప్పను సంస్కృతమున వ్రాయించెను, దేశభాషలో వ్రాయించెను. తెలుగున వ్రాయింపలేదు. అన్నమరాజు ఓరుగల్లు విడిచినట్లు చెప్పు కాలమునకును ఈ శాసనమునకును నడుమ ఇంచుమించు 380 ఏండ్లు. గణపతిదేవుని, రుద్రమదేవిని తెలుగు శాసనములతో స్మరించు జాతికి ఇది గుండెకు తగులు సంగతి. కాని భగవాన్ మిశ్రుని తప్పు పట్టుటకు వీలు లేదు. ఆయన తన యెదుటనున్న చదువరులను లెక్కించెను. తెలుగువారు ఆ లెక్కలోనికి రాలేదు. అదే సంస్థానమున దక్షిణపు కొసను, భోపాలపట్నము, కోంట ప్రాంతములలో తెలుగు నోటనోట నిలిచియే యున్నది, నేటికిని వినవచ్చును. భాష తొలగినది రాజద్వారము నుండి. దూరదేశములందు కొలువులు చేయు తెలుగు కుటుంబములలో, తాతగారి ఉత్తరమును మనుమడు కూడబలుక్కొని చదువు ఇండ్లు ఎన్ని కలవో ఈ సంచిక చదువరులకు తెలియును. ఆ పిల్లవాడు ఒక కార్డు చదువుటకు తీసికొను కాలమే ఆ యింటిలో భాష ఏ మెట్టుపై నున్నదో చెప్పును.

రెండవ శిల చెక్కినను లెక్కకు రాని చదువరులు ఇంకను మిగిలిరి. బస్తరు జనులలో అధికసంఖ్యాకులు గోండీ, హల్బీ మున్నగు భాషలు మాటలాడువారు. వారి భాషలలో శిల లేదు. ఉన్నను లిపి నేర్చినవారు ఎందఱు? రాజశాసనము గాని, పిమ్మట వచ్చిన ఆంగ్లప్రభుత్వపు ఉత్తరువు గాని వారికి ఎవరో చదివి వినిపింపవలసినదే. చదివి వినిపించువాడు తనకు తోచినంతయే చెప్పును.

1905లో బస్తరు అడవులలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయవలెనను ప్రతిపాదన కాగితములమీద నడచెను. ఆ కాగితము చదువుటకు ఒక అధికారికి కొలది నిమిషములు చాలును. దాని ఫలితము పోడు వ్యవసాయము, అడవి కాయగడ్డలు, ఇండ్లు, వెట్టి, సమస్తమును తాకెను. 1910 ఫిబ్రవరిలో భూమ్‌కాల్ అను తిరుగుబాటు చెలరేగెను. నేతానార గ్రామపు గుండాధూర్ పేరు దానితో నిలిచిపోయినది. ఆ తిరుగుబాటు పిలుపు వ్రాతలో లేదు. మామిడికొమ్మ, మట్టిబెడ్డ, మిరపకాయలు, బాణము ఊరినుండి ఊరికి చేతులు మాఱెను. అందుకొనినవానికి అర్థము తెలియుటకు చూచినంత కాలము చాలెను. కచేరీలో దస్త్రము ఒక బల్ల నుండి మరొక బల్లకు పోవునంతలో ఆ కొమ్మ పరగణాలు దాటెను. తిరుగుబాటుదార్లు అంగళ్లను, పోలీసు ఠాణాలను, కొన్నిచోట్ల బడులను సైతము తగులబెట్టిరి. బడులను ఏల? ఆ కట్టడము వారికి అక్షరమును గాక, దానిని కట్టించుటకు తీసిన వెట్టిని, వసూళ్లను గుర్తు చేసెనని చరిత్ర చదివినవారు గ్రహింపగలరు.

2011 జనాభా లెక్కలలో దంతెవాడ జిల్లా అక్షరాస్యత నూటికి 42.12, పొరుగున గోదావరి వైపునకు ఉన్న బీజాపూరు జిల్లాది 40.86. దేశములో అట్టడుగున నిలిచిన జిల్లాలలో ఈ రెండును చేరినవి. ఇంద్రావతి ఒడ్డున తొమ్మిది వందల యేండ్లనాడే రెండు భాషల, రెండు లిపుల రాళ్లు నిలిచిన సీమకు వచ్చిన సంఖ్యలివి. ఆ లెక్కలకు ఒక యేడు ముందు, 2010లో, ఛత్తీస్‌గఢమున సీజీనెట్ స్వర అను వార్తాసేవ ఆరంభమైనది. గోండీ మాటలాడువాడు తన ఊరి సంగతిని, రాని కూలిని, చెడిన చేతిపంపును టెలిఫోనులో తన నోట చెప్పును. అది సరిచూడబడిన పిమ్మట ఇతరులు టెలిఫోనులోనే విందురు. అచ్చట సందేశమును అక్షరములతో కొలువరు. పలికినవాని గొంతు ఎంతసేపు నడచునో వినువానికి పట్టు కాలమును అంతయే.